ఇంకో కీమో వేయించాలా, ఆపాలా? అమ్మానాన్నలతో కలిసి తేల్చుకునే పద్ధతి

"ఈ క్యాన్సరు నయం కాదు" అని డాక్టరు చెప్పిన సాయంత్రానికే ఇంట్లో సభ మొదలవుతుంది. పెద్ద కొడుకు వెల్లూరు వెళ్దామంటాడు. బెంగళూరు అల్లుడు కొత్త ఇంజెక్షను గురించి ఫోనులో చదివి వినిపిస్తాడు. పలమనేరు వైపు ఎవరో ఆకు మందు ఇస్తున్నారని మేనమామ అంటాడు. జబ్బు పడిన మనిషి మాత్రం వరండాలో కుర్చీలో కూర్చుని గోడ ఇవతలి నుంచి ఇవన్నీ వింటూ ఉంటాడు. ఆ కుర్చీని లోపలికి తెచ్చి సభ మధ్యలో వేయడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఏ మందు మంచిదో నేను చెప్పను, అది డాక్టరు పని. ఒంటిమీదకు వచ్చే మందు గురించి, మిగిలిన రోజుల గురించి మీ అమ్మ లేదా నాన్న తమ మాట తాము చెప్పగలిగేలా మీరు ఏమేం సిద్ధం చేయాలో చెబుతాను.

ముందు డాక్టరు మాటను సరిగ్గా అర్థం చేసుకోండి

నయం కాదంటే వైద్యం లేదని కాదు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే సగం ఇళ్లలో గందరగోళం. ఒళ్లంతా పాకిన రొమ్ము క్యాన్సరు, ప్రోస్టేట్ క్యాన్సరు ఉన్నవాళ్లలో కొందరు హార్మోను వైద్యంతోనే ఏళ్ల తరబడి పనులు చేసుకుంటూ ఉంటారు. ఊపిరితిత్తుల క్యాన్సరులో కొన్ని రకాల జన్యు మార్పులుంటే రోజుకొక మాత్రతో గడ్డలు తగ్గుతాయి. మరికొన్ని క్యాన్సర్లలో ఒకటి రెండు రకాల కీమోలు విఫలమయ్యాక మూడో దానివల్ల ఒరిగేది చాలా తక్కువ. మీ నాన్నది వీటిలో ఏది? "స్టేజ్ 4", అంటే వేరే అవయవాలకు పాకింది, అన్న ఒక్క ముక్క దీనికి జవాబు కాదు.

అందుకని ముందు కాగితాలు పోగుచేయండి. బయాప్సీ రిపోర్టు, స్కాన్ రిపోర్టులు, వాటి సీడీలు, ఇప్పటివరకు ఎక్కించిన మందుల పేర్లు, ఎన్ని సైకిళ్లు (కీమో విడతలు) అయ్యాయి, ఏది ఎందుకు ఆపారు, ఇవన్నీ తారీకుల వరుసలో ఒకే ఫైలులో పెట్టండి. డిశ్చార్జి సమ్మరీలు పాలిథిన్ కవర్లో చుట్టి బీరువా మీద పడేసే అలవాటు మనకు ఉంది. ఆ కవరుతో వెళ్తే డాక్టరు దగ్గర దొరికే కాస్త సమయంలో సగం కాగితాలు వెతకడానికే పోతుంది. రెండో అభిప్రాయం కోసం ఇంకో ఆసుపత్రికి వెళ్లాలనుకుంటే బయాప్సీ చేసిన చోట, తీసిన ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు, స్లైడ్లు అడిగి తీసుకోండి. రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తే అక్కడ మళ్లీ సూది పొడవాల్సి రావచ్చు.

రెండో అభిప్రాయానికి ఒక్కసారి వెళ్లడం మంచిదే. ఐదో అభిప్రాయం దాకా తిరగడం మాత్రం నిర్ణయాన్ని వాయిదా వేసే పద్ధతి. ఆ తిరుగుడంతా పడేది జబ్బు మనిషి ఒంటి మీదే.

ఇంట్లో వారం రోజులు గమనించి రాయండి

డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు చేయాల్సిన పని ఇది. ఒక నోటు పుస్తకంలో రోజూ నాలుగు సంగతులు రాయండి. పగటిపూట ఎన్ని గంటలు మంచం మీదే ఉన్నారు? స్నానాల గదికి తనంతట తాను వెళ్లారా? ఏం తిన్నారు? రాత్రి నొప్పితో ఎన్నిసార్లు లేచారు?

దీనికి కారణం ఉంది. ఆసుపత్రికి వెళ్లే రోజు మన పెద్దవాళ్లు వేరే మనుషులవుతారు. ఇంట్లో మూడు రోజులుగా లుంగీ మార్చుకోవడానికి కూడా మనిషి సాయం కావలసినాయన ఆ పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటాడు, తల దువ్వుకుంటాడు, బొట్టు పెట్టుకుంటాడు. వీల్ చెయిర్ వద్దంటాడు. డాక్టరు గదిలో నిటారుగా కూర్చుని "బాగున్నాను సార్, అన్నం తింటున్నాను" అంటాడు. బయటికి వచ్చి బెంచీ మీద కూలబడతాడు. ఆ బెంచీ డాక్టరుకు కనబడదు. తను చూసినదాన్ని బట్టి ఇంకో మూడు సైకిళ్లు తట్టుకుంటాడని ఆయన అనుకుంటాడు.

క్యాన్సరు డాక్టర్లు మనిషి ఓపికను 0 నుంచి 4 దాకా అంకెల్లో కొలుస్తారు. 0 అంటే ఎప్పటిలా పనులన్నీ చేసుకోవడం. 1 అంటే బరువు పనులు చేయలేకపోయినా తిరగడం, తేలిక పనులు చేయడం. 2 అంటే ఏ పనికీ పోలేకపోయినా తన పనులు తాను చేసుకుంటూ పగటిలో సగానికి పైగా లేచి ఉండడం. 3 అంటే సగానికి పైగా మంచమో కుర్చీయో. 4 అంటే పూర్తిగా మంచమే. మామూలు కీమో 3, 4 లలో ఉన్నవాళ్లకు చాలావరకు మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది. మందుకు బాగా లొంగే కొన్ని రకాల క్యాన్సర్లు, మాత్రలతో నడిచే కొన్ని వైద్యాలు దీనికి మినహాయింపు. మీ నోటు పుస్తకం చూపించి "మా నాన్న ఏ అంకెలో ఉన్నారు సార్?" అని అడగండి. మాట అక్కడినుంచి సూటిగా సాగుతుంది.

డాక్టరును అడగవలసినవి

పొద్దున ఓపీ కిటకిటలాడుతుంది. ఆ రద్దీలో ఈ మాటలు నడవవు. "ముఖ్యమైన నిర్ణయం తీసుకోవాలి, పదిహేను నిమిషాలు కావాలి, ఎప్పుడు రమ్మంటారు?" అని నర్సమ్మనో జూనియర్ డాక్టరునో ముందుగా అడగండి. ఇద్దరు వెళ్లండి. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి. ఆరుగురు వెళ్తే ఎవరికీ ఏమీ గుర్తుండదు.

అడగవలసినవి ఇవి:

ఈ మందు దేనికోసం? ఆయుష్షు పెంచడానికా, నొప్పి ఆయాసం తగ్గించడానికా, రెండింటికా?

ఇది పనిచేస్తే ఎలా ఉంటారు, పనిచేయకపోతే ఎలా ఉంటారు, మామూలుగా ఎక్కువమందికి ఏం జరుగుతుంది?

ఏ మందూ వేయకుండా నొప్పికి, ఆయాసానికి మాత్రమే చూసుకుంటే రాబోయే నెలలు ఎలా ఉంటాయి?

పనిచేస్తోందో లేదో ఎప్పుడు, దేన్నిబట్టి తెలుస్తుంది?

ఈ వైద్యం వల్ల నెలలో ఎన్ని రోజులు ఆసుపత్రిలోనో దారిలోనో గడుస్తాయి?

మూడో ప్రశ్న ఎవరూ అడగరు. అడగకపోతే డాక్టరు కూడా తనంతట తాను చెప్పడం అరుదు. మందు వేస్తే ఏమవుతుందో ఒక్కటే విని, దాన్ని దేనితోనూ పోల్చకుండా ఇంటికి వచ్చేస్తాం. అప్పుడు జరిగేది ఎంపిక కాదు, వరుసలో తర్వాతి మెట్టు ఎక్కడమే.

అంకెలు చెప్పినప్పుడు వాటి అర్థం అక్కడే అడిగి తెలుసుకోండి. "ముప్పై శాతం మందికి పనిచేస్తుంది" అంటే ముప్పై మందికి నయమవుతుందని కాదు. వాళ్లలో గడ్డలు కొంతకాలం చెప్పుకోదగినంతగా తగ్గుతాయని. "సగటున పది నెలలు" అన్నారంటే సాధారణంగా వందమందిలో యాభైమంది అంతకన్నా ముందే, యాభైమంది ఆ తర్వాత అని అర్థం. మీ అమ్మ ఆ రెండు సగాల్లో ఏ వైపు ఉండవచ్చో ఆవిడ ఓపికను బట్టి డాక్టరు కొంత చెప్పగలరు. తేదీ అడగకండి. "వారాలా, నెలలా, ఏళ్లా?" అని అడగండి. చాలామంది డాక్టర్లు దానికి నిజాయతీగానే జవాబిస్తారు.

"మీ నాన్నే అయితే ఏం చేస్తారు సార్?" అన్న ప్రశ్న మన వాళ్లు తప్పకుండా వేస్తారు. తప్పు లేదు గాని, ముందు మీ నాన్నకు ఏం కావాలో చెప్పి ఆ తర్వాత అడగండి. ఆయన గురించి ఏమీ తెలియకుండా చెప్పే జవాబు డాక్టరు గారి నాన్నకు సంబంధించినది అవుతుంది.

ఇక అసలు మాట: అమ్మతోనో, నాన్నతోనో

"చెబితే గుండె పగిలిపోతుంది" అని దాచే ఇళ్లే ఎక్కువ. దాచినవాళ్లను నేను తప్పుబట్టను, అది ప్రేమే. కాని ఒక్కసారి ఆలోచించండి. నెల నెలా క్యాన్సరు ఆసుపత్రి బోర్డు కింద నడిచి లోపలికి వెళ్తున్నాడు. పక్క మంచం మనిషి తనకేమిటో చెప్పాడు. జుట్టు రాలింది. కూతురు వంటింట్లో ఏడ్చి కళ్లు తుడుచుకుని వచ్చింది. ఆయనకు తెలియదని మీరు అనుకుంటున్నారు, మీకు బాధ కలగకూడదని ఆయన తెలియనట్టు ఉంటున్నాడు. అటూ ఇటూ నాటకం నడుస్తూనే ఉంటుంది. ఆ నాటకంలో పడి భూమి కాగితాల సంగతి, చిన్నకూతురి పెళ్లి సంగతి, తమ్ముడితో పదేళ్లుగా మాటల్లేని సంగతి చెప్పకుండానే పోతారు.

ఉన్నపళంగా అంతా చెప్పేయనక్కర్లేదు. ఎంత తెలుసుకోవాలనుందో ముందు అడగండి. "నాయనా, డాక్టరు గారు చెప్పినవన్నీ నీకు చెప్పమంటావా, ముఖ్యమైనవి చాలా, లేక నేనే చూసుకోనా?" ఆయన "మీరే చూసుకోండి" అంటే అదీ నిర్ణయమే, దాన్ని గౌరవించాలి. అప్పుడు ఇంకొక్కటి అడగండి: "మాలో ఎవరి మాట ప్రకారం చేయమంటావు?" ఒక పేరు చెప్పించుకోండి. తర్వాత అన్నదమ్ముల మధ్య వచ్చే సగం గొడవలు ఆ ఒక్క పేరుతో ఆగిపోతాయి.

ఎప్పుడు అడగాలన్నదీ ముఖ్యమే. నొప్పి మాత్ర వేసుకుని అరగంటో గంటో గడిచి ముఖం తేటపడినప్పుడు. చూడటానికి చుట్టాలు రాని పూట. టీవీ ఆపి, పక్కన కూర్చుని. నిలబడి మాట్లాడకండి, నిలబడ్డ మనిషి వెళ్లిపోయే మనిషిలా కనిపిస్తాడు.

"ఇంకో కీమో వేయించుకుంటావా?" అని మొదలుపెట్టకండి. ఆయనకు ఆ మందు గురించి ఏం తెలుసని? పైగా ఆ ప్రశ్నకు మన పెద్దవాళ్ల దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబు ఒకటే, "మీ ఇష్టం". మందు గురించి డాక్టరుకు తెలుసు, తన జీవితం గురించి ఆయనకు తెలుసు. ఆయనకు తెలిసినదే అడగండి:

"ఈ మధ్య నీకు అన్నిటికన్నా కష్టంగా ఉన్నదేమిటి?"

"రాబోయే రోజుల్లో నీకు తప్పకుండా జరగాలని ఉన్నదేమిటి?"

"దేనికి భయంగా ఉంది?"

"కొన్నాళ్లు ఎక్కువ ఉండటానికి ఎంత బాధ పడటానికైనా సిద్ధమేనా? ఇంతకన్నా నావల్ల కాదు అనేది ఏదైనా ఉందా?"

అడిగాక ఆగండి. ఒక నిమిషం మౌనం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. మనం తట్టుకోలేక "ఏం కాదులే, అంతా ఆ ఏడుకొండలవాడు చూసుకుంటాడు" అని మాట మూసేస్తాం. మూయకండి.

వచ్చే జవాబులు మీరు ఊహించినట్టు ఉండవు. పాకాల వైపు ఒక రైతు, తోతాపురి మామిడి కోత అయ్యేదాకా తోటలో తిరిగే ఓపిక ఉంటే చాలు, ఆ తర్వాత ఏదైనా ఒప్పుకుంటానన్నాడు. డాక్టరు ఆ మాట విని వారం వారం ఎక్కించే మందు మానేసి, తక్కువ మోతాదు మాత్రలు మొదలుపెట్టాడు. తిరుపతిలో ఒక అమ్మ మనవరాలి ఓణీల పండుగ చూసే దాకా ఏ మందైనా వేయమంది, వాంతులైనా సరే అంది. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే దశ, నిర్ణయాలు మాత్రం వేరు. రెండూ సరైనవే.

ఇంకొక జవాబు తరచూ వినిపిస్తుంది: "నాకెందుకురా ఇంత ఖర్చు, ఇక చాలు." ఇది విన్న వెంటనే ఒప్పేసుకోకండి, వెంటనే కొట్టిపారేయకండి. ఆయన వద్దంటున్నది మందునా, అప్పునా? "డబ్బు సంగతి పూర్తిగా తేలిపోయిందనుకో, అప్పుడు కూడా వద్దంటావా?" అని అడగండి. అప్పుడూ వద్దంటే అది మందు గురించిన మాట. ఊరుకుంటే డబ్బు గురించిన మాట.

డబ్బు, దూరం: ఇవి దాచే విషయాలు కావు

డబ్బు లెక్క ముందే తేల్చుకుని ఆ మాట పెద్దవాళ్లకు చెప్పండి. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం కింద క్యాన్సరుకు చాలా వైద్యాలున్నాయి. కాని ప్రతి మందూ లేదు. కొత్త రకం ఖరీదైన ఇంజెక్షన్ల విషయంలో ముఖ్యంగా, ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గర మందు పేరు చెప్పి అడగాలి. తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలో పేదవాళ్ల వైద్యానికి తిరుమల తిరుపతి దేవస్థానం వారి ప్రాణదాన పథకం ఉంది. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టవచ్చు. ఇవన్నీ అడిగాకే పొలం అమ్మకం మాట ఎత్తాలి.

తిరుపతిలో ఇప్పుడు స్విమ్స్‌తో పాటు, దేవస్థానం ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టుల సాయంతో కట్టి 2022లో మొదలైన క్యాన్సరు ఆసుపత్రి కూడా ఉంది. చిత్తూరు వాళ్లకు వెల్లూరు నలభై కిలోమీటర్ల లోపే, అందుకే తరాలుగా అటు వెళ్లే అలవాటు. అక్కడున్నది మంచి ఆసుపత్రే, కాని అది తమిళనాడులో ఉంది. మన రాష్ట్ర పథకం మీకు కావలసిన వైద్యానికి అక్కడ చెల్లుతుందో లేదో బయలుదేరే ముందే కనుక్కోండి.

దారిని కూడా వైద్యంలో భాగంగానే లెక్కకట్టాలి. పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి రైలు, అక్కడినుంచి ఆటో, లాడ్జి, రక్తపరీక్ష, దాని ఫలితం కోసం ఎదురుచూపు, మర్నాడు మందు, తర్వాత వాంతులతో తిరుగు ప్రయాణం. ఒక్కో సైకిలుకు ఎన్ని రోజులు పోతున్నాయో క్యాలెండరులో గుర్తు పెట్టండి. మందు రెండు నెలల ఆయుష్షు పెంచి, అందులో నెలా పదిరోజులు లాడ్జిలోనే గడిస్తే, ఆ లెక్క మీ నాన్న చూడాలి. ఆ క్యాలెండరు ఆయన ముందే పెట్టండి.

గడువు పెట్టి చూడటం

వేయించాలా, ఆపాలా అన్నచోట చాలా కుటుంబాలు ఇరుక్కుంటాయి. వీటి మధ్య మూడో దారి ఉంది. "రెండు సైకిళ్లు వేద్దాం, తర్వాత స్కాన్ తీద్దాం, అప్పుడు మళ్లీ కూర్చుందాం" అని డాక్టరుతో మాట అనుకోవడం. గడువుతో పాటు ఆపాల్సిన గుర్తులు కూడా ముందే రాసుకోండి: గడ్డ పెరిగితే ఆపుతాం, మంచం దిగలేని స్థితి వస్తే ఆపుతాం, నాన్న చాలన్న రోజు ఎవరూ బతిమాలకుండా ఆపుతాం.

ఈ చివరి షరతు కాగితం మీద ఉండాలి. మొదలుపెట్టిన మందు ఆపడానికి మనకు చేతులు రావు, ఆపితే మనమే చంపినట్టవుతుందన్న భయం. ముందే అనుకున్న మాట ఉంటే ఆ భారం ఏ ఒక్కరి మీదా పడదు.

నొప్పి తగ్గించే వైద్యాన్ని ఈ రోజే మొదలుపెట్టించండి

నొప్పి, ఆయాసం లాంటి బాధలు తగ్గించే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. ఆ పేరు వినగానే "ఇక చేతులెత్తేశారు" అనుకుంటారు మనవాళ్లు. ఇది పూర్తిగా తప్పు. కీమో నడుస్తుండగానే దీన్నీ నడపవచ్చు, నడపాలి. పాకిపోయిన ఊపిరితిత్తుల క్యాన్సరు ఉన్న 151 మందితో అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2010లో వెలువడింది. కొందరికి మామూలు క్యాన్సరు వైద్యంతో పాటు మొదటినుంచే ఈ సంరక్షణ కూడా ఇచ్చారు. వాళ్లకు దిగులు తగ్గింది, చివర్లో తీవ్రమైన వైద్యాలు తక్కువగా చేయించుకున్నారు. అయినా మిగతావాళ్లకన్నా ఎక్కువకాలం బతికారు, 8.9 నెలలకు బదులు 11.6 నెలలు. కాబట్టి మీ ఆసుపత్రిలో ఈ విభాగం ఎక్కడుందో, లేకపోతే నొప్పి వైద్యం ఎవరు చూస్తారో అడగండి. నొప్పితో విలవిల్లాడుతున్న మనిషి "ఇక చాలు" అంటే, ఆ మాట జబ్బుదో నొప్పిదో ఎవరికి తెలుసు? ముందు నొప్పి తగ్గాలి, ఆ తర్వాతే నిర్ణయం.

మార్ఫిన్ అంటే భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. మోతాదు ప్రకారం వాడితే అది చావును తొందరపెట్టదు. క్యాన్సరు నొప్పికి డాక్టరు చెప్పినట్టు వాడినవాళ్లు మత్తుకు బానిసలు కావడం చాలా అరుదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల చాలాకాలం అది దొరకడమే కష్టంగా ఉండేది. 2014 సవరణతో గుర్తింపు పొందిన ఆసుపత్రులకు ఆ చిక్కు కొంత తగ్గింది. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకొకసారి, గడియారం చూసి వేయాలి, నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. మొదటి రోజుల్లో వికారం, మగత ఉంటాయి, తర్వాత తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, అందుకే విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటిరోజు నుంచే రాయించుకోండి. ఇది చెప్పక, అడగక, వారం రోజులు ఉగ్గబట్టి మార్ఫినే మానేసినవాళ్లున్నారు.

ఎముకల్లో నొప్పి ఉంటే రేడియేషను గురించి అడగండి. నొప్పి తగ్గించడానికి చాలామందికి ఒక్క రోజు ఇచ్చే డోసు సరిపోతుంది, అయిదారు వారాలు తిరగనక్కర్లేదు.

మన చిత్తూరు, తిరుపతి వైపు వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఎముక విరిగిందనగానే నాటువైద్యులు కట్టే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది మనకు. క్యాన్సరు పాకిన ఎముక చిన్న ఊపుకే విరగవచ్చు, అది కట్టుతో అతకదు. లాగి సరిచేయబోతే ఇంకోచోట విరగవచ్చు. నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్లండి.

ఆకు మందుల గురించి గొడవ పెట్టుకోవద్దు, కాని దాచవద్దు. ఏం తాగిస్తున్నారో డాక్టరుకు చెప్పండి. కొన్ని కాలేయాన్ని దెబ్బతీసి, వేయదగిన మందు కూడా వేయకుండా చేస్తాయి.

కుటుంబాన్ని కూర్చోబెట్టండి

అమెరికాలోనో హైదరాబాదులోనో ఉన్నవాళ్లు చివరి నిమిషంలో దిగి "ఏదైనా చేయండి, ఎంతైనా పెడతాను" అనడం ప్రతి ఆసుపత్రి చూసే దృశ్యమే. చేయలేకపోయిన సేవ అప్పుడు డబ్బు రూపంలో బయటికొస్తుంది. వాళ్లను విరోధులుగా చూడకండి, ముందే వీడియో కాల్లో కూర్చోబెట్టండి. నోటు పుస్తకం చదివి వినిపించండి. నాన్న ఏమన్నాడో వీలైతే ఆయన నోటితోనే చెప్పించండి. కాణిపాకంలో ప్రమాణం చేసినంత పట్టుగా ఎవరి మాట మీద వాళ్లు నిలబడే కుటుంబాలుంటాయి. అక్కడ పనిచేసే ప్రశ్న ఒకటే: "మనకేం కావాలో తర్వాత, నాన్న ఏమన్నాడు?"

రాత్రిళ్లు లేచి ఒళ్లు తుడిచేవాళ్ల మాటకు ఎక్కువ బరువుండాలి. సాధారణంగా అది కోడలో, భార్యో, పెళ్లికాని కూతురో. సభలో వాళ్లను ఎవరూ అడగరు. మీరు అడగండి.

కాగితం మీద

అనుకున్నది డాక్టరుకు చెప్పి కేస్ షీటులో రాయించండి. ఊపిరాడనప్పుడు గొట్టం వేసి వెంటిలేటరు పెట్టాలా వద్దా అన్నది ప్రత్యేకంగా చెప్పాలి, లేకపోతే అర్ధరాత్రి క్యాజువాల్టీలో ఉన్న కొత్త డాక్టరుకు అది తెలియదు. చివరిదశలో తనకు ఏ వైద్యాలు వద్దో ముందుగా రాసిపెట్టే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతిని సులభం చేసింది. స్పృహలో ఉండి, తన ఇష్టంతో, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీతో గాని గెజిటెడ్ అధికారితో గాని ధ్రువీకరింపజేస్తే చాలు. తన తరఫున మాట్లాడేవారి పేర్లూ అందులో రాయవచ్చు. ఆ పరిస్థితి వచ్చినప్పుడు ఆసుపత్రిలో రెండు వైద్య బృందాలు చూసి నిర్ణయిస్తాయి. సంతకం పెట్టే ఓపిక ఉన్నప్పుడే ఈ పని చూడండి.

మందు ఆపాలనుకుంటే

ఆసుపత్రికి వెళ్లడం మానకండి. తర్వాతి అపాయింట్‌మెంటు ఉంచుకోండి, నొప్పికి, ఆయాసానికి, నిద్రకు మందులు సరిచేయడానికి అది కావాలి. ఇంట్లో రాత్రి ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలో అడిగి గోడ మీద రాసిపెట్టండి.

వీటికి ఆలస్యం చేయకూడదు: వెన్నునొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, ఆగని రక్తస్రావం. ఈమధ్యే కీమో అయి ఉంటే 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా అర్ధరాత్రి అని చూడకుండా బయలుదేరాలి. వెన్నునొప్పి, కాళ్ల బలహీనత వెన్నుపాము నొక్కుకుపోతున్నందుకు గుర్తు కావచ్చు; దానికి సకాలంలో వైద్యం జరిగితే కాళ్లు దక్కుతాయి, రెండు రోజులు ఆగితే దక్కకపోవచ్చు.

ఇంట్లో అన్నిటికన్నా పెద్ద యుద్ధం తిండి దగ్గర జరుగుతుంది. అమ్మ రెండు చెంచాల రాగిజావ తాగి తల పక్కకు తిప్పుకుంటుంది. గిన్నె పట్టుకున్న కూతురు "ఇంకొక్క చెంచా, నా కోసం" అంటుంది. అమ్మ ఆమె కోసం మింగుతుంది, పది నిమిషాల తర్వాత కక్కుతుంది, చీర పాడయినందుకు సిగ్గుపడుతుంది. జబ్బు ముదిరాక ఆకలి పోవడం జబ్బు లక్షణమే. తినకపోవడం వల్ల ఆమె క్షీణించడం లేదు, క్షీణిస్తున్నందువల్ల తినలేకపోతోంది. అడిగినది, అడిగినంత, అడిగినప్పుడు పెట్టండి. ఊరగాయ నంజుకుంటానంటే నంజుకోనివ్వండి. నోరు ఎండకుండా తడిబట్టతో పెదవులు తుడవడం సెలైన్ ఎక్కించడంకన్నా చాలాసార్లు ఎక్కువ హాయినిస్తుంది. చూడవచ్చే చుట్టాలకు "తినమని బలవంతపెట్టకండి" అని గుమ్మం దగ్గరే చెప్పేయండి, కోపం వస్తే రానివ్వండి.

కొండకు వెళ్లాలని అడిగితే వాయిదా వేయకండి. వయోవృద్ధుల కోటా ముందుగా బుక్ చేసుకోవాలి కాబట్టి దర్శనం ఏర్పాటు గురించి ఓపిక ఉండగానే కనుక్కోండి. కారులో ఘాట్ రోడ్డు మలుపుల్లో వికారం రాకుండా మాత్ర, నొప్పికి అదనపు డోసు డాక్టరునడిగి వెంట ఉంచుకోండి.

ఇన్నిటి మధ్య మీకు నిద్ర పట్టకపోతే, ఏడుపు ఆగకపోతే 14416కు ఫోన్ చేయవచ్చు. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ అది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

తీసుకున్న నిర్ణయం మారవచ్చు. చాలన్న మనిషి మనవడు పుట్టాడని ఇంకో ప్రయత్నం చేద్దామనవచ్చు, వేయించుకుంటానన్న మనిషి మొదటి సైకిలుకే వద్దనవచ్చు. స్కాన్ వచ్చిన ప్రతిసారీ, ఆసుపత్రిలో చేరిన ప్రతిసారీ, మంచం మీద గడిపే గంటలు పెరిగిన ప్రతిసారీ కష్టం, కోరిక, భయం, ఓర్పు గురించి అమ్మనో నాన్ననో అడిగిన అవే నాలుగు ప్రశ్నలు మళ్లీ అడగండి. జవాబును తారీకుతో సహా ఆ నోటు పుస్తకంలో రాసి, తర్వాతిసారి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఫైలుతో పాటు తీసుకెళ్లండి.